వండారా చర్చి ముందు గోడ

యూనిస్ ట్రెలోర్ ముక్కు ఎడమవైపుకి ఒరిగి ఉండేది. కొత్తవాళ్ళెవరైనా ఎలా తగిలిందని అడిగితే, "మా నాన్న" అని ఊరుకునేది.

ఆ తండ్రి సముద్రం ఒడ్డు ఊళ్ళో మాంసం ఫ్యాక్టరీలో గొడ్లను కోసేవాడు. ఇంటికొచ్చినా ఆ చెయ్యి ఊరుకునేది కాదు. యూనిస్ చిన్నపిల్లగా ఉన్నప్పుడు పళ్ళెంలో గుమ్మడికాయ ముక్కలు వదిలేసిందని బూటు తీసి మొహాన విసిరాడు. మడమకు ఇనుప నాడా కొట్టిన బూటు అది. తల్లి అడ్డం వస్తే ఆమెను జుట్టు పట్టి పొయ్యి దాకా ఈడ్చుకెళ్ళాడు. తల్లికి అప్పటికే ఒక చెవి వినబడదు. అదీ ఆయన చలవే.

ఒక ఆదివారం మధ్యాహ్నం పాస్టర్ పలకరించడానికి వచ్చాడు. లోపల తల్లి తలను గోడకేసి కొడుతున్న చప్పుడు వీధిలోకి వినబడుతోంది. యూనిస్ కిటికీలోంచి చూస్తోంది. ఆయన తలుపు తట్టబోయి ఆగాడు. కాసేపు విన్నాడు. చేతిలో ఉన్న కేకును గుమ్మం ముందు పెట్టి, టోపీ సర్దుకుని, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఈ సంగతి యూనిస్ మాకు చెప్పినప్పుడు ఆ పాస్టర్‌ను ఒక్క మాట కూడా అనలేదు. నిమ్మకాయ కేకు, బాగుంది కూడా, అంది.

ఆమెకు పందొమ్మిదేళ్ళప్పుడు తల్లి పోయింది. ఆ సాయంత్రమే యూనిస్ బట్టలు సర్దుకుని ఊరు దాటింది. మళ్ళీ తండ్రి మొహం చూడలేదు.

మెర్విన్ ట్రెలోర్ వడ్రంగి. మాట మెత్తన, అడుగు మెత్తన. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు అలమర మీదున్న టోపీ తీసుకుందామని అతను చెయ్యి పైకెత్తాడు. పక్కనే ఉన్న యూనిస్ రెండు చేతులూ తలమీద పెట్టుకుని నేలకు వంగిపోయింది. మెర్విన్ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయాడు. చాలాసేపటికి దాన్ని మెల్లగా కిందికి దించాడు. అప్పటి నుంచీ అతని టోపీ నడుమంత ఎత్తున కొట్టిన మేకుకే వేలాడేది.

మెర్విన్ పనిచేసే కొయ్యసామాను దుకాణం మూతబడ్డాక ఇల్లు అమ్మి, కారు వెనక తగిలించుకుని తిరిగే చక్రాల ఇల్లు, కారవాన్, కొన్నారు. చర్చిలు కట్టే స్వచ్ఛంద బృందం మాది. ఏ ఊళ్ళో పిలిస్తే అక్కడికి నాలుగైదు కారవాన్లు వెళ్ళి, స్థలం పక్కనే ఆగి, కూలి తీసుకోకుండా కట్టి, తాళం చేతికిచ్చి వెళ్ళిపోతాం. ట్రెలోర్లు ఒక్క శీతాకాలం ఉండి చూద్దామని వచ్చి మరి వెళ్ళలేదు. కూతురు రాస్లిన్ పోస్టులో వచ్చే పాఠాలు మడత బల్ల మీద రాసుకునేది. నేను కుళాయిలు, గొట్టాల పనివాణ్ణి. నన్ను క్లెమ్ అంటారు. వాళ్ళ కారవాన్ పక్కన నా కారవాన్ ఎన్ని ఊళ్ళలో ఆగిందో చెప్పలేను. యూనిస్ మొదట వంటకు సాయం చేసేది. తర్వాత నిచ్చెన ఎక్కింది, పైకప్పు రేకులు బిగించడం నేర్చింది. నడుముకు తోలు పట్టీ, పట్టీకి మేకులు పీకే సుత్తి. అది తీసి పెట్టేది భోజనానికీ నిద్రకీ మాత్రమే.

వండారా గొర్రెల ఊరు. పాత చర్చి చెదలు తిని కూలిపోతే సిమెంటు ఇటుకలతో కొత్తది కట్టడానికి మమ్మల్ని పిలిచారు. వసంతం మొదలైంది కానీ వాన చుక్క లేదు. ఎర్రదుమ్ము టీలోకి కూడా వచ్చేది. పాస్టర్ ఐవర్ లస్క్ పెద్దాయన, పనికి నడుం వంగకపోయినా రోజంతా మాతోనే ఉండేవాడు. ఊళ్ళో మాకు కొండంత అండ మాత్రం డార్సీ హాడో.

డార్సీ బోర్లు వేసేవాడు. ఆరడుగుల పైన మనిషి, పెద్ద నవ్వు. పునాదులు తవ్వింది అతని యంత్రమే, నీళ్ళు తోలింది అతని ట్యాంకరే. బరువులు ఎత్తే చేయి ఉన్న అతని పెద్ద లారీ లేకపోతే పైకప్పు చట్రాలు గోడలెక్కవు. ఇవన్నీ ఉచితంగా ఇచ్చాడు. మేం టీ తాగుతుంటే వచ్చి, మెర్విన్‌ని భుజం మీద చరిచి, "ఏం మేట్, నీ పెళ్ళాం నిచ్చెన మీద, నువ్వు నీడలో. ఆ రహస్యమేదో మాకూ చెప్పు" అనేవాడు. అందరం నవ్వేవాళ్ళం. యూనిస్ నవ్వేది కాదు. ఆమె చూపు డార్సీ చేతుల మీద ఉండేది.

అతని భార్య గ్లెనిస్ రోజూ పదిగంటల టీకి గుమ్మడికాయ స్కోన్లు, అంటే గుండ్రటి చిన్న రొట్టెలు, చేసి తెచ్చేది. ఎండ మాడుతున్నా నిండు చేతుల బ్లౌజు. ఒకరోజు దవడ వాచి వచ్చింది, పన్ను నొప్పి అంది. ఒకరోజు కూర్చోలేక నిలబడే టీ తాగింది. యూనిస్ ఏమీ అడగలేదు. ఖాళీ పళ్ళెం తిరిగి ఇస్తూ, మా కారవాన్ తలుపుకి గడియ వెయ్యను, పగలైనా రాత్రయినా, అని మాత్రం చెప్పింది. గ్లెనిస్ పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయింది.

ఒక బుధవారం పొద్దున స్కోన్లు రాలేదు. గ్లెనిస్ వచ్చింది. కుడి మణికట్టు ఉండాల్సిన చోట ఉండకుండా పక్కకి వేలాడుతోంది. కారు టైరు విప్పే కడ్డీతో కొట్టాడట. పొయ్యి మీద మాంసం మాడిందట. ఇంతకు ముందు చేతిని తలుపు సందులో పెట్టి తలుపు మూశాడట, అప్పుడు విరగలేదు గనక ఈసారి కడ్డీ తీసుకున్నాడట. ఇదంతా ఊళ్ళో వర్షాల సంగతి చెప్పినట్టు చెప్పింది. యూనిస్ ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళి పిండికట్టు వేయించి, తిరిగి తెచ్చి రాస్లిన్ పడకలో పడుకోబెట్టింది. పిల్ల ఆ రాత్రి గుడారంలోకి మారింది.

పోలీసు సార్జెంటు వచ్చి, మొగుడూపెళ్ళాల గొడవల్లో పోలీసులు దూరితే రెండు పక్కలా తిట్లే తినాలని, వాడు కుదుటపడతాడని చెప్పి వెళ్ళాడు. మర్నాడు మధ్యాహ్నం పాస్టర్ ఐవర్ వచ్చాడు. యూనిస్ కారవాన్ గుమ్మంలో నిలబడి ఉంది. లోపలికి రమ్మనలేదు.

"యూనిస్, డార్సీ నా వంటింట్లో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడమ్మా. ఒక్కసారి ఆవిణ్ణి ఇంటికి పంపు. నేను దగ్గరుండి మాట్లాడిస్తాను" అన్నాడాయన.

"ఏడవనివ్వండి. ఏడిస్తే మణికట్లు విరగవు."

"భార్యాభర్తల మధ్య మనం నిలబడకూడదు."

"అసలు మాట అది కాదుగా ఐవర్. సోమవారం చట్రాలు ఎత్తాలి. లారీ వాడిది. ఆ మాట చెప్పండి, వింటాను."

పెద్దాయన మొహం కందగడ్డ అయింది. తల వంచుకుని వెళ్ళిపోయాడు. యూనిస్ పని దగ్గరికొచ్చి నిచ్చెన ఎక్కింది.

శుక్రవారం డార్సీ తనే వచ్చాడు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గ్లెనిస్ బట్టల పెట్టె చేత్తో పట్టుకుని. ఒక్క నిమిషం మాట్లాడతాను, ముట్టుకోను, అందరూ చూస్తూనే ఉండండి, అన్నాడు. గ్లెనిస్ కూడా మాట్లాడతానంది. కారవాన్ జాలీ తలుపు మూసి, ఆమె లోపల, అతను బయట. మెర్విన్ రెండడుగుల దూరంలో నిలబడ్డాడు. డార్సీ గొంతు తగ్గించి ఏదో చెబుతున్నాడు, ఆమె తల ఊపుతోంది. ఊపడం ఆపి, రాను, అంది.

అంతే. జాలీ చీల్చుకుని అతని చెయ్యి లోపలికి పోయింది. జుట్టు పట్టుకున్నాడు. పట్టుకుని ఆమె మొహాన్ని తలుపు చట్రానికేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. అల్యూమినియం సొట్టపోయింది. మెర్విన్ వెనకనుంచి మెడ చుట్టూ చేతులేసి లాగాడు. డార్సీ మోచేతితో అతని నోటిమీద కొట్టి, కిందపడ్డాక బూటుతో పక్కటెముకల్లో తన్నాడు. అప్పటికి మేమంతా పరిగెత్తుకొచ్చి మీదపడ్డాం. అయిదుగురం పట్టుకుంటే గానీ లొంగలేదు. నా బొటనవేలు కొరికాడు, ఇప్పటికీ గోరు సరిగా రాదు. వాణ్ణి నేలకేసి నొక్కిపట్టి ఉంచితే సార్జెంటు వచ్చి తీసుకెళ్ళాడు.

గ్లెనిస్ పెదవికి కుట్లు పడ్డాయి. మెర్విన్ ముందు పళ్ళు రెండు పోయాయి. రక్తం ఉమ్మేస్తూనే, ఇకనుంచి మేకులు నోట్లో పెట్టుకోవడానికి చోటు దొరికింది, అన్నాడు. ఎవ్వరం నవ్వలేదు. రాస్లిన్ మాత్రం ఏడుస్తూనే ఒకసారి నవ్వింది.

శనివారం పొద్దున వాణ్ణి వదిలిపెట్టారు. కాగితం మీద ఆ స్థలం ఛాయలకు రానని సంతకం పెట్టాడట. మాకు ఎవరూ చెప్పలేదు.

మేం పనిలో ఉన్నాం. చర్చి వెనక సగానికి చిన్న చట్రాలు చేతులమీద ఎక్కించాం. ముందు గోడ త్రికోణం శిఖరం దాకా లేచింది కానీ ఇంకా దేనికీ కట్టలేదు, రెండు పక్కలా ఊతకర్రల మీద నిలబడి ఉంది. యూనిస్ పరంజా మీద ఉంది. నేను కింద గొట్టాలు అతుకుతున్నాను. కారవాన్లో గ్లెనిస్ పడుకుని ఉంది, రాస్లిన్ ఆమెకు టీ పెడుతోంది.

లారీ చప్పుడు విని తలెత్తాను. డార్సీ పెద్ద లారీ రోడ్డు దిగి, కంచె తీగ తెంపుకుని, నేరుగా కారవాన్ల వైపు వస్తోంది. వేగం తగ్గలేదు. ట్రెలోర్ల కారవాన్‌ని పక్కనుంచి గుద్దింది. కారవాన్ చక్రాల మీద కొంత దూరం జరిగి, ఒరిగి, పడిపోయింది. లోపల గిన్నెలు, అద్దాలు పగిలిన చప్పుడు, ఆ వెంటనే రాస్లిన్ అరుపు. ఆ అరుపు ఆగలేదు.

డార్సీ లారీని వెనక్కి తీశాడు. మళ్ళీ గుద్దడానికే తీశాడు. అందులో ఎవరికీ అనుమానం లేదు. అద్దం వెనక అతని మొహంలో కోపం కూడా లేదు, బోరు యంత్రం నడిపేటప్పుడు ఉండే శ్రద్ధ ఉంది.

యూనిస్ పరంజా మీంచి దిగలేదు, దూకింది. ఆమె పడటం, లేవడం, పరిగెత్తడం నేను చూశాను. లారీ వెనక్కి వస్తూ చర్చి పక్కనుంచి పోతోంది. ఆమె లారీ మెట్టు మీదికి ఎక్కి, అద్దం చట్రాన్ని ఎడమ చేత్తో పట్టుకుంది. ఎండకు కిటికీ దించే ఉంది. సుత్తి తీసింది. మొదటి దెబ్బ స్టీరింగు మీదున్న చేతి మీద. డార్సీ అరిచి రెండో చేత్తో ఆమె గొంతు పట్టుకున్నాడు. రెండోది దవడ మీద. అయినా గొంతు వదల్లేదు, లారీ ఆగలేదు. మూడోది కణత మీద పడింది. ఆ చప్పుడు మా పనిలో వినే చప్పుళ్ళలో ఏదీ కాదు.

లారీ అడ్డదిడ్డంగా తిరిగి ముందు గోడ ఊతకర్రల్లోకి దూరింది. కర్రలు అగ్గిపుల్లల్లా విరిగాయి. యూనిస్ ఇసుక కుప్ప మీదికి ఎగిరిపడింది. గోడ ఒక్క క్షణం నిలబడింది. తర్వాత పై నుంచి కింది దాకా లారీ మీద కూలిపోయింది. దుమ్ము లేచి మనిషికి మనిషి కనబడలేదు.

నేను రేకు కత్తెర పట్టుకుని కారవాన్ దగ్గరికి పరిగెత్తాను. పైకప్పు చీల్చాం. గ్లెనిస్‌కి చిన్న గాయాలే. రాస్లిన్ కాలు ఫ్రిజ్ కింద ఉంది. సలసల కాగిన నీళ్ళు భుజం మీద పడ్డాయి. మెర్విన్ పక్కటెముకలు విరిగి ఉన్నా ఆ ఫ్రిజ్‌ని ఒక్కడే ఎత్తాడు. పిల్ల మోకాలు చూసి నేను మొహం తిప్పుకున్నాను.

డార్సీని బయటికి తీసేసరికి ప్రాణం లేదు.

యూనిస్‌కి భుజం ఎముక విరిగింది, గొంతు చుట్టూ అతని వేళ్ళ గుర్తులు నల్లగా లేచాయి. ఆసుపత్రిలో ఆమెకు మొదట వచ్చిన పలకరింపు గ్లెనిస్‌ది. గ్లెనిస్ గదిలోకి వచ్చి, మంచం దగ్గర నిలబడి, పిండికట్టు వేసిన చేత్తో యూనిస్ తలమీద కొట్టింది. "నేను పడుకోవడానికి చోటడిగాను. ఇదడిగానా నిన్ను? ఇదడిగానా?" అని కొడుతూనే ఉంది. నర్సులు వచ్చి పట్టుకునేదాకా యూనిస్ చెయ్యి అడ్డం పెట్టలేదు. గ్లెనిస్ అంత్యక్రియల్లో డార్సీ శవపేటిక మీద పడి ఏడ్చింది. తర్వాత వాళ్ళ అక్క దగ్గరికి నగరానికి వెళ్ళిపోయింది.

ఊరు ఒక మాట మీదికి వచ్చేసింది. గోడ చంపింది వాణ్ణి. దేవుడి గోడ, దేవుడే పడేశాడు, అన్న ఆడవాళ్ళున్నారు. సార్జెంటు కూడా గోడే అన్నాడు, అలా అయితే తను వదిలిపెట్టిన సంగతి ఎవరూ ఎత్తరు. తలమీద దెబ్బలు చాలా ఉన్నాయి, ఏది సుత్తిదో ఏది ఇటుకదో తేల్చలేనని డాక్టరు రాశాడు. యూనిస్ నోరు మూసుకుంటే చాలు, మరణ విచారణ ఒక పూటలో అయిపోతుంది.

మెర్విన్ అదే బతిమాలాడు. యూనిస్ వినలేదు. అతను గొంతు పెంచగా వినడం నాకు అదొక్కసారే. "నువ్వు జైలుకెళ్తే ఆ పిల్లని ఎవరు నడిపిస్తారు? మంచం మీంచి దొడ్డికి ఎవరు తీసుకెళ్తారు, నేనా?" అని అరిచి, పక్కనున్న బకెట్టును కాలితో తన్నాడు. బకెట్టు వెళ్ళి గోడకు తగిలింది. యూనిస్ వంగలేదు, తల మీద చేతులు పెట్టుకోలేదు. అతన్ని చూస్తూ నిలబడింది. మెర్విన్ వెళ్ళి బకెట్టు తెచ్చి మళ్ళీ దాని చోట పెట్టాడు. ఆ రోజు నుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

ఊరి కోర్టు గదిలో కుర్చీలు చాలలేదు. విచారణాధికారి నిదానస్తుడు. గోడ కూలడం గురించే ప్రశ్నలు వేశాడు, ఊతకర్రలు ఎన్ని, ఎంత లావు, అని. చివర్లో యూనిస్‌ని, ఇంకేమైనా చెప్పదలిచావా, అని అడిగాడు. లేదు అంటుందని ఆయన కాగితాలు సర్దుకుంటున్నాడు.

"ఉంది" అంది యూనిస్. "గోడ పడకముందే అతని చెయ్యి నా గొంతు వదిలేసింది. నా మూడో దెబ్బకి వదిలేసింది. నేను ఆపుదామని కొట్టలేదండీ. చావాలనే కొట్టాను. దాన్ని గోడ మీద పెట్టకండి."

ఆయన కళ్ళజోడు తీసి, ఈ మాట చెబితే ఏమవుతుందో తెలుసా, ఎందుకు చెబుతున్నావు, అని అడిగాడు.

"మా అమ్మ చచ్చిపోయినప్పుడు డాక్టరు మెట్ల మీంచి జారిపడింది అని రాశాడు. పోలీసులు అదే రాశారు. పాస్టర్ శవపేటిక దగ్గర అదే చదివాడు. మా ఇంట్లో మెట్లే లేవండీ."

నా ముందు వరసలో కూర్చున్న ఐవర్ లస్క్ భుజాలు కిందికి జారడం చూశాను. ఆయన లేచి, అడగకుండానే, గురువారం మధ్యాహ్నం తను కారవాన్ దగ్గరికెళ్ళి గ్లెనిస్‌ని తిరిగి పంపమన్నానని, లారీ కోసమే అన్నానని చెప్పాడు. కూర్చోబోయి కుర్చీ దొరక్క తడుముకున్నాడు. పక్కనున్న ఆవిడ చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

కేసు నగరంలో పెద్ద కోర్టుకెళ్ళింది. ఆ నెలలన్నీ యూనిస్ పూచీకత్తు మీద బయట ఉంది. రాస్లిన్ మోకాలికి మళ్ళీ మళ్ళీ ఆపరేషన్లు చేశారు. యూనిస్ పగలంతా ఆసుపత్రిలో పిల్ల కాలు వంచడం, చాపడం. ఆ నొప్పికి పిల్ల తల్లిని బూతులు తిట్టేది, గిల్లేది, ఒకసారి చెంప మీద కొట్టింది. యూనిస్ మళ్ళీ వంచేది. మెర్విన్ వెనక నిలబడి కూతురి తల పట్టుకునేవాడు. ఆ మంచం దగ్గరే మొగుడూపెళ్ళాలకు మాటలు మళ్ళీ వచ్చాయి.

తీర్పు రోజున మెర్విన్ ఆమె వెనక బెంచీ మీద కూర్చున్నాడు. జ్యూరీ భోజనాల వేళకు ముందే తిరిగొచ్చింది. నిర్దోషి అన్నారు. యూనిస్ మొహంలో ఏ మార్పూ లేదు. బయట మెట్ల మీద కూర్చుంది. నేను నీళ్ళు ఇస్తే తాగి, "వాళ్ళు నన్ను వదిలారు క్లెమ్. నేను చేసింది మాత్రం చేసినట్టే ఉంది" అంది.

చలికాలం మొదట్లో మెర్విన్ పాత కారవాన్ ఒకటి కొని, దాన్ని వండారా వైపు తిప్పాడు. పని సగంలో వదిలి రావడం తనకు నచ్చలేదన్నాడు. మేమూ వెనకే వెళ్ళాం. మమ్మల్ని ఎవరూ పిలవలేదు. ఐవర్ మాత్రం ఎదురొచ్చి గేటు తీశాడు. ముందు గోడ కూలినచోటే ఇటుకల గుట్ట అలాగే ఉంది, మధ్యలో గడ్డి మొలిచింది. యూనిస్, మెర్విన్ మంచి ఇటుకలు ఏరి, అంటుకున్న సిమెంటు గీకి, వరస వేశారు. కొందరు ఆడవాళ్ళు టీ తెచ్చారు. కొందరు మమ్మల్ని చూసి రోడ్డు అవతలికి దాటేవాళ్ళు. కిరాణా కొట్టువాడు యూనిస్‌కి రొట్టె అమ్మనన్నాడు. రాస్లిన్ కుంటుకుంటూ వెళ్ళి తెచ్చేది.

గోడ భుజాలెత్తు లేచినప్పుడు డార్సీ తమ్ముడు లిండ్సే హాడో వచ్చాడు. వాడికీ అదే ఎత్తు, అవే చేతులు. జీపు దిగి నేరుగా యూనిస్ దగ్గరికి నడిచాడు. మెర్విన్ తాపీ కింద పడేసి కదలబోతే యూనిస్ చేత్తో ఆగమంది. లిండ్సే ఏమీ అనకుండా ఆమె మొహం మీద పిడికిలి బిగించి కొట్టాడు. ఆమె గోడకు తగిలి కిందపడింది. తడి సిమెంటులోంచి రెండు ఇటుకలు జారాయి. నోరు పగిలి గడ్డం మీద రక్తం కారుతోంది. సుత్తి నడుముకే ఉంది. చెయ్యి దాని దగ్గరికి పోలేదు. గోడ పట్టుకుని లేచి అతని ఎదురుగా నిలబడింది.

"ఇదొక్కటీ తీసుకుంటాను లిండ్సే. నీకు ఆ హక్కుంది. రెండోది తీసుకోను."

వాడి పిడికిలి మళ్ళీ లేచింది. లేచి అక్కడే ఉంది. ఆమె కళ్ళు ఆ పిడికిలి మీద లేవు, వాడి మొహం మీద ఉన్నాయి. "వాడు నాకు ఈత నేర్పాడు" అన్నాడు లిండ్సే. పిడికిలి కిందికి దించాడు. "వాడు నన్నూ కొట్టేవాడు, ఈతా నేర్పాడు." యూనిస్ తల ఊపింది. వాడు జీపు ఎక్కి వెళ్ళిపోయాడు. ఆమె నోరు కడుక్కుని జారిన ఇటుకలు సరిచేసింది. మధ్యాహ్నం భోజనానికి ఏమీ నమలలేకపోయింది.

చర్చి పూర్తయింది. ప్రతిష్ఠ రోజు దాకా మేం ఆగలేదు.

ఆ తర్వాత కొన్ని ఊళ్ళవాళ్ళు మా బృందాన్ని పిలిచి, ట్రెలోర్లు వద్దు, అని మెల్లగా చెప్పేవాళ్ళు. అలా చెప్పిన చోటికి మేమెవరం వెళ్ళలేదు. ఉత్తరాన చెరకు తోటల మధ్య ఒక చిన్న ఊరు మాత్రం, ఆవిడే కావాలి, అంది. ఎందుకో మేం అడగలేదు. అక్కడ పని నడుస్తుండగా ఒక మధ్యాహ్నం చిన్న నీలం కారు వచ్చి ఆగింది. గ్లెనిస్ దిగింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, పొట్టి చేతుల గౌను వేసుకుంది. యూనిస్ పందిరి కింద గుమ్మడికాయ కోస్తోంది. గ్లెనిస్ ఇంకో కత్తి తీసుకుని ఎదురుగా కూర్చుంది. కుడి మణికట్టు సరిగా తిరగదు, ఎడమచేత్తో తొక్క తీసింది. సగం కాయ కోయడం అయింది.

"తలుపు చప్పుడైతే ఇప్పటికీ లేచి కూర్చుంటాను" అంది గ్లెనిస్. "కానీ మళ్ళీ పడుకుంటాను."

"నేనింకా పడుకోవడం దాకా రాలేదు" అంది యూనిస్.

గ్లెనిస్ క్షమించానని అనలేదు. యూనిస్ అడగలేదు. సాయంత్రం వంట అయ్యాక రాస్లిన్ వచ్చి గ్లెనిస్ పక్కన కూర్చుని, కర్ర పక్కన పెట్టి, తనకు నగరంలో నర్సు చదువుకు సీటొచ్చిందని చెప్పింది. గ్లెనిస్ ఆ పిల్ల మోకాలి మచ్చను వేలితో పైనుంచి కింది దాకా రాసింది. మా అక్కావాళ్ళింట్లో ఒక గది ఖాళీగా ఉంది, ఎండ బాగా వస్తుంది, అంది. మెర్విన్ పళ్ళేలు సర్దుతూ, అద్దె ఎంతో అడగబోయి, యూనిస్ మొహం చూసి మానేశాడు.